"అన్నీ రాళ్లేగా" అన్న పిల్లాడితో అమరావతికి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ. బాబుకి పదకొండేళ్లు, ఆరో తరగతి. పాపకి ఆరేళ్లు. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మన చుట్టుపక్కల ఉన్న పాత కట్టడాలు, గుహలు పిల్లలకి చూపించాలని మా ఇద్దరికీ చాలా కోరిక. పోయిన దసరా సెలవుల్లో ఒకే రోజు నాలుగు చోట్లకి తిప్పాం. మధ్యాహ్నానికే పాప ఏడుపు మొదలుపెట్టింది. నాలుగో చోట బాబు అసలు కారు దిగనన్నాడు. "ఏముందమ్మా, అన్నీ రాళ్లేగా" అన్నాడు. మావారికి కోపం వచ్చి వాణ్ణి కసిరారు. ఇంటికొచ్చేదాకా కార్లో ఎవరూ మాట్లాడుకోలేదు. నాకైతే సంచులు మోయడం, డబ్బాలు తీయడం, మళ్లీ సర్దడంతోనే రోజంతా సరిపోయింది. ఇప్పుడు వచ్చే రెండో శనివారం ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, కొండపల్లి, మొగల్రాజపురం గుహలు అన్నీ చూసేద్దామని మావారు ప్లాన్ వేశారు. నాకు ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. మానేద్దామంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాలల్లో 28 ఏళ్లు సోషల్ చెప్పాను. ఏటా పిల్లల్ని బస్సెక్కించి ఇవే చోట్లకి తీసుకెళ్లేదాన్ని. ఆ సాయంత్రం మీ కారు ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుందో నాకు తెలుసు.

మీ బాబు అన్న మాట గురించే ముందు చెబుతాను. వాడు పొగరుతో అనలేదు, ఉన్నదే అన్నాడు. నాలుగు చోట్లా వాడికి కనిపించినవి రాళ్లే. ఆ రాతిని చెక్కిన మనిషి, దానికి సొమ్ము ఇచ్చిన మనిషి, దాని ముందు దణ్ణం పెట్టుకున్న మనిషి వాడి కళ్లముందుకు వచ్చేలోపే "పదండి పదండి, ఇంకా చాలా ఉన్నాయి" అని మళ్లీ కారెక్కించి ఉంటారు. అంత తొందరలో పెద్దవాళ్లకే ఏమీ ఎక్కదు. పదకొండేళ్లవాడికి ఎలా ఎక్కుతుంది?

అందుకని రెండే చోట్లు పెట్టుకోండి. పొద్దున ఉండవల్లి, అక్కడి నుంచి అమరావతి. మిగతా మూడూ వదిలేయండి. మొగల్రాజపురం గుహలు మీ ఊళ్లోనే ఉన్నాయి, ఏ సాయంత్రమైనా నడుచుకుంటూ వెళ్లి రావచ్చు. మంగళగిరి ఎటూ దర్శనానికి వెళ్తూనే ఉంటారు. కొండపల్లికి ఒక పూట పూర్తిగా కావాలి, దాని గురించి చివర్లో చెబుతాను. "ఇంత దూరం వెళ్లి అన్నీ చూడకుండా వచ్చేస్తామా" అని మీవారు అనొచ్చు. ఆయనకి నా మాటగా చెప్పండి: ఉండవల్లి మీ ఇంటి నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండకపోవచ్చు, మళ్లీ ఎప్పుడైనా వెళ్లొచ్చు. దగ్గరవాటితో ఉన్న సుఖమే అది.

శనివారం ఎంచుకోవడం మంచిదైంది. అమరావతి మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, దానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక వెళ్లి గేటు దగ్గర నిలబడినవాళ్లని నేను చాలామందిని చూశాను. ఇంకో సంగతి, ఆ శాఖ కింద ఉన్న కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ ఉండదు. కాబట్టి ఖర్చు గురించి ఆలోచించక్కర్లేదు.

ఉండవల్లికి తెరిచే వేళకే చేరుకోండి. ఎండెక్కాక ఆ కొండరాయి పెనంలా కాలుతుంది. వెళ్లేటప్పుడు ప్రకాశం బ్యారేజీ మీదుగానే వెళ్లండి. బాబుకి ఒక్క మాట చెప్తే చాలు: ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది, అంతకుముందు అక్కడ బ్రిటిషువాళ్ల కాలంలో, 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట ఉండేది, అది 1952లో తెగిపోయింది. మీ తాతల తరం వాళ్లెవరైనా ఉంటే ఆనకట్ట తెగిన రోజు గురించి ఇంకా చెప్తారు. మీ అత్తగారిని కార్లోనే అడిగి చూడండి, వాళ్ల పెద్దవాళ్లు చెప్పుకోగా విని ఉంటారేమో. కారు ఆపి పాఠం చెప్పనక్కర్లేదు. దాటుతూ దాటుతూ ఒక మాట అనుకుంటే చాలు.

ఉండవల్లిలో ఒక కొండనే నాలుగంతస్తులుగా తొలిచారు. విష్ణుకుండినుల కాలం నాటివని, అంటే సుమారు పదిహేను వందల ఏళ్ల కిందటివని చెబుతారు. పిల్లలకి ఈ అంకె చెబితే మొహం తేలేస్తారు. వాళ్లకి అర్థమయ్యే సంగతి వేరే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మనం ఇటుక మీద ఇటుక పెడతాం. ఇక్కడ ఏమీ పెట్టలేదు, ఉన్నదాంట్లోంచి తీసేశారు. గోడ కట్టలేదు, గోడ మిగిల్చారు. స్తంభం నిలబెట్టలేదు, చుట్టూ ఉన్న రాయి తీసేస్తే స్తంభం మిగిలింది. ఇంట్లోనే శుక్రవారం రాత్రి పిల్లలిద్దరికీ చెరో బట్టల సబ్బూ, ఒక పాత చెంచా ఇవ్వండి. ఆ సబ్బులో రెండు స్తంభాలున్న చిన్న గది తొలవమనండి. నేను మా ఏడో తరగతి పిల్లలతో ఇది చేయించేదాన్ని. ఎక్కువమంది సబ్బులు మధ్యలోనే విరిగిపోయేవి. మర్నాడు ఉండవల్లి ముందు నిలబడగానే వాళ్ల నోట మొదటి మాట "మరి ఇది విరగలేదేంటి టీచర్?" అని వచ్చేది. ఆ ప్రశ్న వచ్చిందంటే ఇక మీరు ఏం చెప్పినా వింటారు.

కింది అంతస్తు చూడకుండా పైకి పరిగెత్తకండి. అందరూ అదే చేస్తారు. కింది అంతస్తు పూర్తికాలేదు. పని సగంలో ఆగిపోయింది. పూర్తయిన చోట నునుపుగా ఉన్న రాయి ఇక్కడ గరుకుగా ఉంటుంది, ఉలి దెబ్బలు కనిపిస్తాయి. బాబుని అక్కడ కూర్చోబెట్టి "ఎందుకు ఆపేసి ఉంటారు?" అని అడగండి. యుద్ధం వచ్చిందంటాడో, డబ్బులైపోయాయంటాడో, రాయి పగిలిందంటాడో చెప్పనివ్వండి. తప్పు, ఒప్పు అనకండి. చరిత్ర రాసేవాళ్లు చేసే పనీ అదే కదా, మిగిలిన గుర్తు చూసి జరిగింది ఊహించడం, ఆ ఊహకి ఇంకో ఆధారం వెతకడం.

పైకి వెళ్లాక అనంతపద్మనాభస్వామి ఉంటాడు. ఒకే రాతిలో పడుకున్న విగ్రహం, మన ఇంట్లో మంచాలు రెండు మూడు వరసగా వేసినంత పొడవు. చీకటిగా ఉంటుంది, కళ్లు అలవాటుపడేదాకా ఆగండి. పాపకి ఆ చీకటే పెద్ద సంబరం. స్వామి తల దగ్గర నుంచి పాదాల దాకా ఎన్ని అడుగులు పడుతుందో పాపని నడిచి లెక్కపెట్టమనండి. బయట ఆ అంతస్తు ముందు కూర్చున్న ఋషుల బొమ్మలు, సింహాలు ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే పచ్చటి పొలాలు. పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఏమీ చెప్పకండి. పిల్లలతో తిరిగేటప్పుడు మనం చేసే పెద్ద పొరపాటు, ఖాళీగా ఉన్న ప్రతి నిమిషాన్నీ మాటలతో నింపడం.

మీ అత్తగారు పైకి ఎక్కక్కర్లేదు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్లకి మంచిది కాదు. ఒక మడత కుర్చీ కార్లో వేసుకోండి. కింద నీడలో కూర్చుంటారు. అయితే ఆవిడని ఒంటరిగా వదిలేయకండి. మీరూ మీవారూ వంతులు వేసుకోండి. పిల్లలు దిగి వచ్చాక నాన్నమ్మకి చెప్పాలి, పైన ఏమేం చూశారో. "ఆయన ఎలా పడుకున్నాడు? చెయ్యి ఎటు పెట్టాడు? పాము ఎక్కడుంది?" అని ఆవిడ అడగాలి. ఈ మాట ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. పిల్లలు పైన ఉన్నంతసేపూ నాన్నమ్మ అడుగుతుందని గుర్తుపెట్టుకుని మరీ చూస్తారు.

అక్కడి నుంచి అమరావతికి కరకట్ట మీదుగా గంట ప్రయాణం పెట్టుకోండి. అమరావతి అనగానే మీ బాబుకి రాజధాని గుర్తొస్తుంది, రోజూ టీవీలో వింటున్న పేరు కదా. మనం వెళ్లేది ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పాత ఊరికి. దాని పక్కనే ధరణికోట. శాతవాహనుల కాలంలో ధాన్యకటకం అనే పట్నం అది. ధాన్యకటకం అనే పేరులోనే ధాన్యం ఉంది, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి అంతకన్నా తగిన పేరేముంటుంది?

ఇక్కడ వరస చాలా ముఖ్యం. నేరుగా స్తూపం దగ్గరికి వెళ్లకండి. చాలామంది అదే చేస్తారు, పిల్లలు అక్కడే నీరసపడిపోతారు. ఎందుకంటే మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, ఉన్న చోట ఇప్పుడు ఎత్తయిన కట్టడం ఏమీ లేదు. గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాతి పలకలు, అంతే. మీ బాబు మళ్లీ "అన్నీ రాళ్లేగా" అంటాడు, నిజమే కూడా. ముందు మ్యూజియంకి వెళ్లండి. అక్కడి ఆవరణలో స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో చూపించే నమూనా ఉంది. కింద వేదిక, దాని మీద బోర్లించిన గిన్నెలా అండం, పైన హర్మిక అనే చదరపు కట్టు, గొడుగులు, చుట్టూ రాతి ప్రాకారం. బాబు నోట్‌బుక్‌లో ఆ బొమ్మ గీసుకోనివ్వండి, ఎంతసేపు పట్టినా సరే. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని అసలు చోటికి వెళ్తే ఖాళీ దిబ్బ మీద స్తూపాన్ని వాడే నిలబెట్టుకుంటాడు.

మ్యూజియంలో చూడాల్సినవి చాలా ఉన్నాయి కానీ రెండు ఆటలు చెబుతాను. పాపకి: "బుద్ధుడు ఎక్కడ?" అనే ఆట. పాత శిల్పాల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, బోధివృక్షం, ధర్మచక్రం, వీటితోనే ఆయన ఉన్నాడని చెప్పారు. చుట్టూ జనం దణ్ణాలు పెడుతుంటారు, మధ్యలో కుర్చీ ఖాళీగా ఉంటుంది. చిన్నపిల్లలకి ఇది ఎంత బాగా పడుతుందో చెప్పలేను. దొంగాటలో దాక్కున్నవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుంటారు. తర్వాతి కాలం శిల్పాల్లో బుద్ధుడు మనిషిగా కనిపిస్తాడు, అప్పుడు "దొరికాడు!" అని అరుస్తారు. గట్టిగా అరవొద్దని ముందే చెప్పి ఉంచండి.

బాబుకి: పూర్ణకుంభం వెతకాలి. నిండు కుండ, దాంట్లోంచి పైకి వచ్చిన తామరలు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది అమరావతి శిల్పాల్లోని ఆ పూర్ణఘటమే. ఇంటి దగ్గర ఏదో ఒక ప్రభుత్వ కాగితం మీద ఆ గుర్తు చూపించి, ఫోటో తీసి, వాడికిచ్చి తీసుకెళ్లండి. పలకల మీద దానికి దగ్గరగా ఉన్నది ఏదో వాడే తేల్చాలి.

దొరికాక, వాడికి ఈ కథ చెప్పండి. నేను చెప్పదలచుకున్నవాటన్నిటిలోకీ నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. అమరావతి స్తూపానికి ఇచ్చిన ఒక పూర్ణఘటం పలక మీద దాన్ని ఇచ్చినవాళ్ల పేరు ప్రాకృతంలో చెక్కి ఉంది. ఇచ్చింది రాజు కాదు, షావుకారు కాదు. విధికుడు అనే చర్మకారుడు, అంటే తోలుపని చేసుకునే మనిషి. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. అతనొక్కడే ఇచ్చినట్టు రాయించుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఇస్తున్నట్టు రాయించాడు. ఆ పలకకి ఎంత ఖర్చయిందో, అతను ఎన్ని జతల చెప్పులు కుట్టి కూడబెట్టాడో మనం ఊహించుకోవాల్సిందే. అమరావతి రాళ్ల మీద ఇలాంటి మామూలు మనుషుల పేర్లు చాలా ఉన్నాయి. మీ కార్లో నాన్నమ్మ, అమ్మ, నాన్న, అన్న, చెల్లెలు వెళ్తున్నట్టే ఆ ఇంటివాళ్లంతా ఒక రోజు బయల్దేరి వచ్చి తమ పలక బిగించడం చూసి ఉంటారు కదా అని పిల్లలతో అనండి. నేను ఈ కథ చెప్పిన ప్రతిసారీ క్లాసు నిశ్శబ్దమైపోయేది.

ఆ లిపి బ్రాహ్మి. బాబుకి ఇంటి దగ్గరే మూడు అక్షరాలు నేర్పి తీసుకెళ్లండి. క అంటే కూడిక గుర్తు. ఠ అంటే సున్నా. గ అంటే తిరగేసిన ఇంగ్లీషు వి. ఈ మూడు చాలు. పాత అక్షరాలున్న రాయి కనిపించగానే కూడిక గుర్తు వెతుకుతాడు. రెండు వేల ఏళ్ల కిందటి అక్షరాన్ని ఎవరి సాయమూ లేకుండా చదివిన పిల్లాడి మొహం మీరు చూడాలి. ఇంకో సంగతి కూడా చెప్పండి. అమరావతి శాసనాల్లో "నాగబు" అనే మాట ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దాన్ని గుర్తించారు. మనకి తెలిసిన తొలి తెలుగు మాటగా చాలాకాలం పుస్తకాల్లో చెప్పుకున్నది దాన్నే. వాడు ఇంట్లో మాట్లాడే భాష ఆ రాళ్ల మీద అలా ఒక చిన్న మాటగా ఉంది.

భోజనం మ్యూజియం అయ్యాకే పెట్టుకోండి, ఒంటి గంటకల్లా. పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు. ఇంకేమీ వద్దు. కూరలు, రసం, వేడి డబ్బాలు అని మీరు తెల్లవారుజామున లేచి వంటింట్లో నిలబడితే ఆ అలసటతోనే బయల్దేరతారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యం బాబు అన్నది కాదమ్మా, మీ సంచుల గురించి మీరు రాసింది. పిల్లలకి చరిత్ర చూపించాలన్న కోరిక మీ ఇద్దరిదీ అన్నారు. చూడాల్సినవాళ్లలో మీరూ ఉన్నారు. బాబు సంచి బాబు మోస్తాడు: నీళ్లసీసా, నోట్‌బుక్, పెన్సిల్, ఒక టేపు. పాపకి చిన్న సంచి, అందులో టోపీ, బిస్కట్లు, ఒక జత బట్టలు. తిండి సంచి, అత్తగారి కుర్చీ మీవారివి. మీ చేతుల్లో ఏమీ ఉండకూడదు. ఈ మాట మొహమాటపడకుండా ఇంట్లో ముందు రోజే అనుకోండి. దారిలో అంటే గొడవవుతుంది. బాత్రూమ్ ఎక్కడ కనిపిస్తే అక్కడ పిల్లల్ని వెళ్లి రమ్మనండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

భోజనమయ్యాక గంటసేపు నీడపట్టున ఆగండి. పాప నిద్రపోతే పోనివ్వండి. మూడు దాటాక స్తూపం దగ్గరికి వెళ్లండి. బాబు చేతిలో వాడు గీసిన బొమ్మ ఉంటుంది. స్తూపం అడుగు వ్యాసం దాదాపు 50 మీటర్లు. చుట్టూ నడవమనండి, అడుగులు లెక్కపెట్టమనండి. తన అడుగు ఎంతో టేపుతో కొలుచుకుని చుట్టుకొలత తేల్చమనండి. ప్రదక్షిణ చేసినట్టూ ఉంటుంది, లెక్క చేసినట్టూ ఉంటుంది. 150 మీటర్లకి అటూ ఇటూగా వస్తే వాడి కొలత బాగా వచ్చినట్టే.

అప్పుడు వాడు తప్పకుండా అడుగుతాడు, "మరి పైదంతా ఏమైంది?" అని. దీనికి జవాబు నిజం చెప్పండి, దాచొద్దు. ఈ చోటు ఒకప్పుడు దీపాలదిన్నె అనే దిబ్బ. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు ఇక్కడ కొత్త ఊరు కట్టించాడు. మీ మంగళగిరి పదకొండంతస్తుల గాలిగోపురం కట్టించిందీ ఆయనే. కట్టుబడికి ఇటుకలూ రాళ్లూ కావాలని దిబ్బ తవ్వారు. పలకలు గోడల్లోకి, మెట్లల్లోకి వెళ్లాయి. సున్నపురాయి కాబట్టి కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. ఇది విని 1797లో ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి పలకలు మద్రాసు పంపాడు. అక్కడి నుంచి చాలా పలకలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఇప్పుడు అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని మన దగ్గర ఉన్నాయి.

దీన్ని "తెల్లవాళ్లు ఎత్తుకుపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. వాళ్లు తీసుకెళ్లింది నిజం. అంతకుముందు మనవాళ్లు సున్నం కాల్చిందీ నిజమే. రెండూ చెప్పండి. పదకొండేళ్లవాడికి రెండు నిజాలనీ పక్కపక్కన పెట్టుకునే శక్తి ఉంటుంది. నా అనుభవంలో పెద్దవాళ్లకన్నా వాళ్లే బాగా పెట్టుకుంటారు. మా స్కూల్లో ఒక పిల్ల "తీసుకెళ్లకపోతే మిగిలేవా టీచర్? మిగిలినా మనకి ఇవ్వాలిగా?" అని ఒకే ఊపిరిలో అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదని చెప్పాను. ఇప్పటికీ లేదు.

ఫోన్లో ఒక ఫోటో ముందే దింపుకుని పెట్టుకోండి. చెన్నై మ్యూజియంలో ఉన్న గుండ్రటి పలక, నలగిరి ఏనుగుది. మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తోంది, అదే గుండ్రంలో పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. రెండు సంఘటనలూ ఒకే బొమ్మలో. పై కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. ఈ చోట నిలబడి ఆ ఫోటో చూపించండి, "ఇది ఇక్కడిదే" అని చెప్పండి. పాప కూడా అర్థం చేసుకుంటుంది. బొమ్మల పుస్తకాలు చదివే పిల్లలకి ఒకే ఏనుగు రెండుసార్లు ఎందుకు ఉందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తాకడం, ఎక్కడం, గీయడం వద్దు. ఒకసారి మా పిల్లాడు జామెట్రీ బాక్సులోంచి వృత్తలేఖిని తీసి పేరు గీయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. తిట్టలేదు. విధికుడి కథ అంతకుముందే చెప్పి ఉన్నాను కాబట్టి, "నువ్వు ఏమిచ్చావని పేరు రాస్తున్నావు?" అని మాత్రం అడిగాను. వాడు వృత్తలేఖిని లోపల పెట్టేశాడు. తర్వాత ఆ రోజంతా మిగతా పిల్లల్ని కాపలా కాసింది వాడే.

సాయంత్రం అమరేశ్వరస్వామి గుడి. మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయి కాబట్టి నాలుగు దాటాక వెళ్లండి. ఇక్కడ మీరు పక్కకి తప్పుకుని అత్తగారిని ముందు పెట్టండి. తారకాసురుడి కంఠంలోని అమృతలింగం ముక్కలై అయిదు చోట్ల పడటం, అవే పంచారామాలవడం, ఇక్కడి లింగం పెరుగుతూ పోతుంటే మేకు కొట్టి ఆపారనడం, ఈ కథలు ఆవిడ చెప్పినట్టు మీరూ నేనూ చెప్పలేం. లింగం చాలా ఎత్తు, పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. పొద్దుటి నుంచి కింద కూర్చున్న మనిషి ఇప్పుడు అందరికీ చెప్పే మనిషి అవుతుంది. మెట్లున్న చోట మీవారు చెయ్యి పట్టుకుంటే చాలు, నిదానంగా వస్తారు. బాబు "ఇది కథా, చరిత్రా?" అని అడిగితే, నాన్నమ్మ చెప్పింది కథ, రాతి మీద చెక్కి ఉన్నది శాసనం అని తేడా చెప్పండి. కథని తీసిపారేయొద్దు. జనం ఈ చోటుని ఇన్నేళ్లు ఎందుకు కాపాడుకున్నారో అందులోనే ఉంటుంది.

గుడి వెనకే కృష్ణ. చూడండి, కూర్చోండి, గాలి పీల్చుకోండి. పిల్లల్ని నీళ్లలోకి మాత్రం దింపకండి, మోకాలి లోతే కదా అని కూడా అనుకోవద్దు. లోతు ఎక్కడ మారుతుందో పైకి తెలియదు. పాప చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి. ఓపిక ఉంటే ధ్యానబుద్ధుడి పెద్ద విగ్రహం చూడండి, 125 అడుగులు. అది మన కాలంలో కట్టింది, అప్పుడు కట్టింది కాదు అని పిల్లలకి స్పష్టంగా చెప్పండి. పాప అక్కడ పరిగెడుతుంది, పరిగెత్తనివ్వండి. పిల్లలు అలసిపోయి ఉంటే అది వదిలేసి ఇంటికి బయల్దేరండి.

తిరుగు ప్రయాణంలో "ఏం నేర్చుకున్నారు?" అని అడగకండి. అడిగితే ఆ రోజు పరీక్ష అయిపోతుంది. స్కూల్లో నేనూ మొదట్లో వ్యాసం రాయమనేదాన్ని, తర్వాత మానేశాను. వారం పది రోజుల తర్వాత అన్నం తింటూ ఏదో ఒకటి వాళ్లే ఎత్తుతారు. సబ్బు ఎందుకు విరిగిందనో, ఖాళీ కుర్చీ గురించో. అప్పుడు మాట్లాడండి.

మీవారి సంగతి. ఆయన అయిదు చోట్లు పెట్టుకున్నది పిల్లల మీద ప్రేమతోనే, దొరికిన ఒక్క సెలవులో అంతా ఇచ్చేయాలన్న ఆత్రంతోనే. ప్లాన్ కొట్టేశారని ఆయనకి అనిపించకూడదు. స్తూపం దగ్గర కొలత పని బాబుతో కలిసి ఆయన చేయాలి. మెకంజీ, ఇలియట్ కథ ఆయన చెప్పాలి, ముందు రోజు ఒకసారి చదువుకుంటే సరిపోతుంది. పోయినసారి కసిరిన మనిషీ, కసిరించుకున్న పిల్లాడూ ఒకే టేపుకి రెండు చివరలు పట్టుకుని నిలబడతారు.

కొండపల్లికి వచ్చే నెల వెళ్లండి. పొద్దున చల్లటిపూట రెడ్డిరాజుల కోట, దిగాక బొమ్మలు చేసేవాళ్ల వీధి. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండితో చేసిన ముద్దతో ముక్కలు అతికించి, రంగులు వేయడం పిల్లలు దగ్గర కూర్చుని చూడొచ్చు. అక్కడ పాపకి తనకి నచ్చిన బొమ్మ ఒకటి తననే ఎంచుకోనివ్వండి. బేరం ఆడొద్దు.